జబ్బు మళ్ళీ రాకుండా: ఇంట్లో, బడిలో, పనిచోట మనం చేయవలసినవి

పాఠం ఉద్దేశం: ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళిన మనిషి అదే జబ్బుతో తిరిగి రాకుండా కుటుంబం, బడి, పనిచోటు, ఊరు కలిసి ఏమి చేయగలవో తెలుసుకోవడం.

ఆసుపత్రిలో పేషెంటు దగ్గర కూర్చున్నవారు డాక్టరు గారిని, సిస్టరు గారిని ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు. "మమ్మల్ని ఎప్పుడు ఇంటికి పంపిస్తారు?" అనేది మొదటిది. "పోయిన ఏడాది కూడా ఇదే జబ్బు, మళ్ళీ ఎందుకు వచ్చింది?" అనేది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు డాక్టరు గారు చెప్పగలరు. రెండవ ప్రశ్నకు జవాబు చాలావరకు మనం తాగే బిందెలో, పిల్లలు తినే మధ్యాహ్న భోజనం పళ్ళెం దగ్గర, పత్తి చేనులో మందు కొట్టే పంపు దగ్గర ఉంటుంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. వానాకాలం మొదట్లో చిన్నబిడ్డకు వాంతులు, విరేచనాలు. రెండు నెలలకు పత్తికి మందు కొట్టి వచ్చిన తండ్రికి కళ్ళు తిరిగి వాంతులు. తల్లికి ఎప్పుడూ నీరసం, రక్తం తక్కువ. ముగ్గురివీ మూడు వేర్వేరు జబ్బులుగా కనిపిస్తాయి. మూడు సార్లు ఆటో కిరాయి, మూడు సార్లు మందుల చీటీ, మూడు సార్లు పోయిన కూలీ. కాని లోతుగా చూస్తే ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ ముందుగానే ఆపగలిగినదే. ఆసుపత్రి చేసేది సగం పని. మిగిలిన సగం మన చేతుల్లో ఉంది.

మన దగ్గరే దొరికిన ఒక పాఠం

పూర్వం మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని అనుకునేవారు. ఆ పేరుకు అర్థం కూడా అదే. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో పనిచేస్తున్న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ పనికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది.

దీనిలో మనకు కావలసిన పాఠం ఇది. జ్వరం వచ్చిన ఒక్క మనిషికి మందు ఇస్తే ఆ ఒక్క మనిషే బాగవుతాడు. నీరు నిలిచిన గుంత పూడిస్తే వాడ అంతా బాగవుతుంది. మందు కావాలి, గుంత పూడ్చడమూ కావాలి. ఒకటి చేసి రెండవది వదిలితే జబ్బు తిరిగి వస్తుంది.

1. ఇంట్లో

నీళ్ళు. వరంగల్ నగరానికి ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నీటిని శుద్ధి చేసి నల్లాల ద్వారా ఇస్తూ వచ్చారు. గ్రామాలకు మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నాయి. అయితే శుద్ధి చేసిన నీళ్ళు కూడా మన ఇంటికి చేరాక పాడుకావచ్చు. నల్లా గుంతలోకి మురికినీరు దిగినా, పగిలిన పైపు మోరీలో నుండి వచ్చినా, బిందెలో చెయ్యి ముంచినా క్రిములు చేరుతాయి. కాబట్టి:

- బిందెపై మూత ఉంచండి. గ్లాసు ముంచకుండా పొడుగాటి కాడ ఉన్న గరిటెతో తీయండి.
- నీళ్ళ మీద అనుమానం ఉంటే గలగలా మరిగాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి తాగండి. క్లోరిన్ బిళ్ళలు వాడితే ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం వేసి అరగంట ఆగండి.
- ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళను మరిగించినా ఫ్లోరైడు పోదు. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించకూడదు. మీ ఊరి బోరు నీటిని పరీక్ష చేయించమని పంచాయతీని అడగండి. పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు వస్తుంటే ఆలస్యం చేయకండి.

చేతులు. అన్నం వండే ముందు, తినే ముందు, బిడ్డకు తినిపించే ముందు, దొడ్డికి వెళ్ళి వచ్చాక, బిడ్డ ముడ్డి కడిగాక సబ్బుతో చేతులు కడగాలి. ఉత్తి నీళ్ళతో తడిపితే చాలదు. గోళ్ళ సందులు, వేళ్ళ మధ్య రుద్దుతూ నెమ్మదిగా ఇరవై అంకెలు లెక్కపెట్టండి. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పు చేసే వైద్యులు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టగానే బాలింతల మరణాలు బాగా తగ్గాయి. చదువుకున్న వైద్యుల చేతుల మీదే క్రిములు ఉన్నప్పుడు మన చేతుల సంగతి చెప్పనక్కర లేదు.

విరేచనాలు మొదలైతే. బిడ్డకు పాలు, తిండి ఆపకండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఒకేసారి కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి. కలిపిన నీళ్ళు 24 గంటల తర్వాత పారబోయండి. సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం, చక్కెర మరింత వేయడం మంచిది కాదు. ఓఆర్ఎస్‌తో పాటు జింకు బిళ్ళలు 14 రోజులు వాడాలి. విరేచనాలు రెండో రోజే ఆగినా మధ్యలో మానకూడదు. ఆశ కార్యకర్త దగ్గర, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవి ఉచితంగా ఇస్తారు. కళ్ళు గుంటలు పడడం, మూత్రం రాకపోవడం, మలంలో రక్తం, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

దోమలు. డెంగ్యూ దోమ మోరీలో కాదు, మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి ఎనిమిది నుండి పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికి ఒకసారి కూలర్, డ్రమ్ము, పూలకుండీ కింది పళ్ళెం, పాత టైరు, కొబ్బరి చిప్ప, పెరట్లోని రోలు ఖాళీ చేసి ఆరబెడితే ఆ వారం పుట్టవలసిన దోమలు పుట్టవు. శుక్రవారం డ్రై డే అని చెప్పడానికి కారణం ఇదే. ఒక్క ఇల్లు చేసి పక్క ఇల్లు చేయకపోతే లాభం తక్కువ. వాడంతా ఒకే రోజు చేయాలి. డెంగ్యూ జ్వరంలో పారాసెటమాల్ తప్ప ఒళ్ళు నొప్పుల బిళ్ళలు దుకాణంలో కొని వేయకండి. జ్వరం తగ్గుతున్నప్పుడే కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం కనిపిస్తే అది ప్రమాద సూచన.

2. బడిలో

బడి ఉన్న రోజుల్లో పిల్లవాడు చాలా గంటలు బడిలోనే గడుపుతాడు. కాబట్టి బడి శుభ్రంగా లేకపోతే ఇంట్లో మనం పడిన శ్రమ సగం వృథా అవుతుంది. మన రాష్ట్రంలో వండిన మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. ఆ భోజనం పిల్లలకు బలం. కాని వందమంది పిల్లలు ఒకేసారి తినే చోట చేతులు కడుక్కునే నల్లా, సబ్బు లేకపోతే ఆ భోజనంతో పాటు నులిపురుగుల గుడ్లు కూడా కడుపులోకి పోతాయి.

నులిపురుగుల సంగతి తల్లిదండ్రులు బాగా తెలుసుకోవాలి. కొంకి పురుగు పేగు గోడను పట్టుకొని రక్తం తాగుతుంది. దాని పిల్లపురుగులు నేలమీద ఉండి, చెప్పులు లేని పాదాల చర్మం గుండా లోపలికి పోతాయి. బహిర్భూమికి బయటకు పోయే చోట ఇవి ఎక్కువ. పిల్ల ఎంత తిన్నా బలం పట్టదు, ముఖం పాలిపోతుంది, చదువు మీద మనసు నిలవదు. మనం "మొద్దు" అని తిట్టే పిల్లలలో కొందరికి కావలసింది దెబ్బ కాదు, ఒక ఆల్బెండజోల్ బిళ్ళ.

2015 నుండి దేశమంతటా ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుపుతున్నారు. రెండేళ్ళ నుండి 19 ఏళ్ళ వరకు ఒక బిళ్ళ (400 మిల్లీగ్రాములు), ఏడాది నుండి రెండేళ్ళ బిడ్డకు సగం బిళ్ళ ఇస్తారు. ఆ రోజు బిడ్డను బడి మానిపించకండి. బిళ్ళను నమిలి మింగాలి. పురుగులు ఎక్కువ ఉన్న పిల్లలకు కొంచెం కడుపునొప్పి, వికారం కలగవచ్చు. కాసేపు నీడన కూర్చోబెడితే తగ్గుతుంది, భయపడనక్కర లేదు. పది ఏళ్ళు దాటిన పిల్లలకు వారానికి ఒకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ళ కూడా పారేయకుండా అన్నం తిన్నాక వేసుకొమ్మని చెప్పండి. ఆడపిల్లలకు ఇది మరీ అవసరం. ఈరోజు రక్తం తక్కువైన పిల్లే రేపు కాన్పు సమయంలో ప్రమాదంలో పడే తల్లి.

బడికి వెళ్ళినప్పుడు మార్కులతో పాటు ఈ ఐదు విషయాలు చూడండి:

1. తాగే నీళ్ళ ట్యాంకుకు మూత ఉందా? చివరిసారి ఎప్పుడు కడిగారు?
2. భోజనానికి ముందు పిల్లలందరూ సబ్బుతో చేతులు కడుగుతున్నారా?
3. ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్ళు, లోపలి గడియ, నెలసరి గుడ్డలు వేసే డబ్బా ఉన్నాయా? లేకపోతే పెద్ద పిల్లలు ఆ రోజుల్లో బడి మానేస్తారు. పగలంతా మూత్రం ఆపుకొని, నీళ్ళు తాగడం తగ్గించి మూత్రంలో మంట తెచ్చుకుంటారు.
4. వంట చేసే చోట ఈగలు, ఎలుకలు రాకుండా జాగ్రత్త ఉందా?
5. మీ బిడ్డకు బోర్డు మీది అక్షరాలు కనిపిస్తున్నాయా? కంటి పరీక్ష జరిగిందా?

లోపం కనిపిస్తే పంతులు గారితో పోట్లాడడం కంటే నలుగురు తల్లిదండ్రులు కలిసి పాఠశాల కమిటీలో మాట్లాడడం మంచిది. పాత ప్లాస్టిక్ సీసాకు రంధ్రాలు చేసి వేలాడదీసినా చేతులు కడుక్కునే నల్లా అవుతుంది. సబ్బు ముక్కను పాత సాక్సులో వేసి కట్టినా చాలు. పెద్ద ఖర్చు లేదు. పూనుకునే మనిషి కావాలి.

3. పనిచోట

అన్నం పెట్టే పనే మనిషిని మంచం పట్టిస్తే ఆ ఇంటికి రెండు నష్టాలు. మన జిల్లాలో పత్తి, మిర్చి పంటలు ఎక్కువ కాబట్టి మొదట పురుగుమందు సంగతి చెప్పుకోవాలి.

పురుగుమందు నోటిలోకి పోతేనే విషం అని చాలామంది అనుకుంటారు. అది చర్మం గుండా, ముక్కు గుండా, కళ్ళ గుండా కూడా ఒంట్లోకి పోతుంది. పంపు కారి వీపు తడిసినప్పుడు, చేతితో మందు కలిపినప్పుడు, మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదినప్పుడు, మందు చేతితోనే బీడీ వెలిగించినప్పుడు విషం ఎక్కుతుంది. ఏపుగా పెరిగిన పత్తిలో మనిషి ముందుకు నడుస్తూ మందు కొడితే అప్పుడే కొట్టిన ఆకుల తడి అంతా ఒంటికి తగులుతుంది.

డబ్బా మీద వజ్రం ఆకారంలో రంగు గుర్తు ఉంటుంది. చదువు రానివారు కూడా దీనిని గుర్తుపట్టవచ్చు. ఎరుపు అంటే అన్నిటికంటే ఎక్కువ విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం. ఆకుపచ్చ అంటే అన్నిటికంటే తక్కువ. తక్కువ అంటే లేదని కాదు.

- నిండు చేతుల చొక్కా, ప్యాంటు, తలకు గుడ్డ, ముక్కుకు మాస్కు, చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి. కర్రతో కలపండి.
- గాలికి ఎదురుగా కొట్టకండి. ఎండ ముదిరాక కొట్టకండి.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు మందు కలపడానికి, నీళ్ళు మోయడానికి కూడా వెళ్ళకూడదు.
- పని అయ్యాక సబ్బుతో స్నానం చేసి, ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోండి. ఆ బట్టలను విడిగా ఉతకండి.
- ఖాళీ డబ్బాలో నీళ్ళు, నూనె, పప్పు పోయకండి. మందును ఇంట్లో అటక మీద, మంచం కింద పెట్టకండి. తాళం వేసిన చోట ఉంచండి. కోపంలో, దుఃఖంలో ఉన్న మనిషికి అది చేతికందే దూరంలో లేకపోవడమే ఎన్నో ప్రాణాలను కాపాడుతుంది.

విషం ఎక్కిన గుర్తులు: నోటి నుండి చొంగ, ఎక్కువ చెమట, కన్నీళ్ళు, చూపు మసకబారడం, వాంతులు, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం. వెంటనే చేనులో నుండి బయటకు తెచ్చి, తడిసిన బట్టలు విప్పి, సబ్బునీటితో ఒళ్ళు కడగండి. సాయం చేసేవారు కూడా చేతులకు తొడుగులు లేదా ప్లాస్టిక్ కవరు వేసుకోవాలి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. 108కి ఫోను చేయండి. మందు డబ్బాను తప్పక వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే విరుగుడు త్వరగా మొదలవుతుంది.

మిగిలిన పనుల విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు ముక్కుకు, నోటికి శుభ్రమైన గుడ్డ కట్టుకోవాలి. ఘాటు కళ్ళలో పడితే రుద్దకుండా నీళ్ళతో కడగాలి. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసేవారు వెలుతురు పడే వైపు కూర్చొని, గంటకోసారి లేచి నడుము సాగదీయాలి. బీడీలు చుట్టే తల్లులు పొగాకు చాటను పసిబిడ్డ పడుకునే గదిలో పెట్టకూడదు. చేతులు సబ్బుతో కడిగాకే బిడ్డకు పాలివ్వాలి. ఎండాకాలంలో బయట పనిచేసేవారు పన్నెండు నుండి నాలుగు గంటల వరకు వీలైనంత నీడన ఉండి, దాహం కాకపోయినా ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్ళు తాగుతుండాలి.

ఏ పని చేసేవారైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. క్షయకు పరీక్ష, మందులు ఉచితం. కనీసం ఆరు నెలలు మందు మానకూడదు. పౌష్టికాహారానికి 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన సాయం 2024 నవంబరు నుండి 1000 రూపాయలు అయింది. ఇంట్లో ఒకరికి క్షయ ఉంటే మిగిలిన అందరికీ, ముఖ్యంగా పిల్లలకు పరీక్ష చేయించండి.

4. ఒక్కరి వల్ల కానిది ఊరి వల్ల అవుతుంది

"మా ఒక్క ఇల్లు మారితే ఏం లాభం?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మన వరంగల్ పక్కనే ఉంది.

గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి చిన్న ఊరు. ఒకప్పుడు సారా వల్ల ఇళ్ళు పాడైన ఊళ్ళలో అదీ ఒకటి. 1982లో ఆ ఊరివారు కలిసి కూర్చొని మద్యం వద్దని నిర్ణయించుకున్నారు. ఆ తర్వాత తాగునీరు, పారిశుధ్యం, ఆరోగ్యం, చదువు వంటి ఒక్కొక్క పనికి ఒక్కొక్క కమిటీ వేసుకున్నారు. ప్రతి ఇంటికీ ఏదో ఒక కమిటీలో బాధ్యత ఉండేలా చూసుకున్నారు. బాలవికాస సంస్థ తోడ్పాటుతో, తమ వంతు డబ్బు, శ్రమ వేసుకొని తాగునీటి పనులు చేసుకున్నారు. నీటిని శుద్ధి చేసే యంత్రం పెట్టుకొని, దానిని తామే నడుపుకున్నారు. ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టుకున్నారు. 2007లో ఆ ఊరికి నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. ఎంతో దూరం నుండి జనం చూడడానికి వస్తుంటారు. అక్కడ కనిపించేది వింత కాదు. నిర్ణయం అందరూ కలిసి తీసుకోవడం, తీసుకున్నాక తప్పకపోవడం, అంతే.

పురుగుమందు విషయంలోనూ ఇలాంటి ఊళ్ళున్నాయి. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామంలో పత్తి రైతులు పురుగుమందులను వదిలివేశారు. అక్కడ మహిళా సంఘాలు ఆ పనిలో గట్టిగా నిలబడ్డాయి. అప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనెబావి గ్రామం 2006లో రసాయన ఎరువులు, పురుగుమందులు వాడని ఊరుగా తనను తాను ప్రకటించుకుంది. అయిదు కిలోల వేపగింజల పొడిని గుడ్డలో కట్టి రాత్రంతా నీటిలో నానబెట్టి, పిండి, వడగట్టి వంద లీటర్లు చేసి కొట్టే కషాయం, లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు, చేను చుట్టూ ఆముదం, మధ్యలో బంతి మొక్కలు, ఇలాంటి పద్ధతులే మందులు లేని సేద్యానికి ఆధారం. ఒక రైతు ఒంటరిగా మానేస్తే పక్క చేను పురుగు తన చేనులోకి వస్తుందనే భయం ఉంటుంది. ఊరంతా కలిస్తే ఆ భయం తగ్గుతుంది. మందుల ఖర్చు మిగులుతుంది. పంపు మోసే మనిషి ప్రాణం మిగులుతుంది.

నగరంలో ఉన్నవారు కూడా ఇది చేయగలరు. 2012 అక్టోబరులో వరంగల్‌లో జరిగిన క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్‌లో తడి చెత్త, పొడి చెత్త ఇంటింటి నుండి విడివిడిగా సేకరించారు. అలవాటు చేస్తే జనం చేస్తారని అప్పుడు తేలింది. ఆ అలవాటు మీ వాడలో నిలిచిందా లేదా అన్నది మీరే చెప్పాలి.

డిశ్చార్జి రోజున చేయవలసినవి

ఇంటికి వెళ్ళే తొందరలో చీటీ మడిచి జేబులో పెట్టుకొని బయలుదేరకండి. కొంచెం ఆగి డాక్టరు గారిని లేదా సిస్టరు గారిని మూడు ప్రశ్నలు అడగండి:

1. ఈ జబ్బు దేనివల్ల వచ్చి ఉంటుంది? నీళ్ళా, దోమా, పనా, తిండా?
2. మా ఇంట్లో ఇంకెవరికైనా పరీక్ష అవసరమా?
3. ఏ గుర్తు కనిపిస్తే వెంటనే తిరిగి రావాలి?

తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చొని ఒకే ఒక్క మార్పు ఎంచుకోండి. పది మార్పులు ఒక్కసారే మొదలుపెడితే వారం తిరిగేసరికి ఒక్కటీ నిలవదు. మొదటి వారం బిందెకు మూత, గరిటె. రెండవ వారం శుక్రవారం డ్రై డే. మూడవ వారం పురుగుమందుకు తాళం. నాలుగవ వారం బడికి వెళ్ళి నల్లా చూడడం. నెల తిరిగేసరికి నాలుగు పనులు అవుతాయి. వాటిలో ఒకటి పక్కింటివారితో కలిసి చేయండి.

కలిసి ఆలోచించండి

- పోయిన ఏడాది మా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసింది? ఎన్ని రోజుల కూలీ పోయింది? ఎంత ఖర్చయింది?
- వాటిలో ముందే ఆపగలిగినవి ఏవి?
- మా ఇల్లు, బడి, పనిచోటు, ఈ మూడింటిలో ఎక్కడ మొదలుపెడితే తొందరగా మేలు కనిపిస్తుంది?
- మా వాడలో ఈ పనికి తోడు వచ్చే నలుగురు ఎవరు?

వార్డులో పక్క మంచం వారితో ఈ ప్రశ్నలు మాట్లాడుకోండి. ఎదురుచూసే గంటలు చాలా ఉంటాయి. వారి ఊరిలో చేసినది మీ ఊరికి పనికి రావచ్చు. పేషెంటు తేరుకొని లేచి కూర్చున్నాక ఈ పుస్తకం వారికి కూడా చదివి వినిపించండి. ఇల్లు చేరాక ఆ బిందె మీద మూత పెట్టేది, ఆ డబ్బాకు తాళం వేసేది వారే కావచ్చు.